మేం కూర వండుకున్న పీహెచ్‌డీ

ఏడో తరగతి లెక్కల పరీక్ష రోజున గొర్రెలు తోలుకుని కొండకు పోయినవాణ్ణి, మళ్లీ బడి మొహం చూడలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని, "జీవశాస్త్రంలో పరిశోధన చేయాలనుకునే పిల్లలకు నాలుగు మాటలు రాయి" అంటే రాయనా? మీ ప్రొఫెసర్లు ఎవరూ చెప్పలేని సంగతి ఒకటి నా దగ్గరుంది. పీహెచ్‌డీ రుచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. తిన్నాను గనక. కొంచెం ఉప్పు తక్కువైంది.

కువైట్‌లో పంతొమ్మిదేళ్లు ఒక పరిశోధన కేంద్రంలో ఫర్రాష్‌గా చేశాను. ఫర్రాష్ అంటే టీ పెట్టేవాడు, ఊడ్చేవాడు, కాగితాలు మోసేవాడు, ఎవరు ఎవరి మీద అలిగారో అందరికంటే ముందు తెలిసేవాడు. మా అంతస్తులో చేసేది డీఎన్‌ఏ పని. మొదట్లో నాకేమీ అర్థమయ్యేది కాదు. కంటికి కనపడని చుక్క నీళ్లను పీల్చి, ఇంకో గొట్టంలో వదిలి, దాన్ని మిషన్లో పెట్టి, సాయంత్రం తెరమీద గీతలు రాలేదని ఏడ్చేవాళ్లు. గీత వస్తే మిఠాయి, రాకపోతే ఏడుపు. పెద్ద చదువులంటే ఇంతేనా, గీతల కోసమేనా అనుకునేవాణ్ణి.

ఆ గీతల సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది మా ల్యాబులో టెక్నీషియన్‌గా చేరిన పాప. మా జిల్లా పక్కనే వాళ్లది. వాళ్లమ్మ అప్పటికే పదిహేనేళ్లుగా ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తూ ఈ పిల్లను ఎమ్మెస్సీ దాకా చదివించింది. పాప నన్ను మొదటి రోజు నుంచే పెద్దనాయనా అనేది.

"పెద్దనాయనా, ఈ మిషనుండాదే, ఇది జిరాక్సు మిషను. ఒక్క పోగు దొరికినా చాలు, దాన్ని లక్షల కాపీలు తీస్తుంది."

"మరి నా జీతం నోటు ఒకటి పెట్టి చూడగూడదా?"

"నోటుకు ప్రాణముంటే పెడుదును."

అలా మాటకు మాట వేసే పిల్ల. నాకు తగిన మనిషి దొరికిందని సంతోషపడ్డాను. అందుకే మొదటి రోజే ఆమెకు మా అంతస్తు చట్టం ఒకటి నేర్పాను. టీ పెట్టుకునే పాంట్రీలో ఒక టేబుల్ ఉంటుంది. దాని మీద ఎవరు ఏం పెట్టినా అది పనివాళ్లది. మీటింగుల్లో మిగిలిన సమోసాలు, పెళ్లిళ్ల మిఠాయిలు, పండగ ఖర్జూరాలు అన్నీ ఆ టేబుల్ మీదికే వస్తాయి. మా ల్యాబుకు పెద్ద ఒక కువైటీ ఆవిడ. అందరూ దక్తూరా, అంటే డాక్టరమ్మ, అని పిలిచేవాళ్లం. ఆమె తమ్ముడు చేపలు పట్టినప్పుడల్లా తెల్ల థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి అక్కడే పెట్టించేవాడు. అడగడం, చెప్పడం ఏమీ ఉండవు. టేబుల్ మీద పెట్టింది టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లది.

"గుర్తు పెట్టుకో పాపా. నీ టిఫిన్ డబ్బా ఆ టేబుల్ మీద పెట్టి మూత్రానికి పోయినా, వచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంటుంది" అన్నాను.

నవ్వింది. గుర్తు పెట్టుకోలేదు.

ఇక అసలు విషయం. మా దగ్గర ఏడాదికి ఒక్కటే పీహెచ్‌డీ సీటు. మూడేళ్లు కువైట్‌లో, ఒక ఏడాది బయటి దేశంలో, నెలనెలా ఖర్చులకు ఇస్తారు. దరఖాస్తు పెట్టేవాళ్లు తాము సొంతంగా చేసిన చిన్న పని ఒకటి ఐదుగురు పెద్దల ముందు చూపించాలి. ముప్పై దాటినవాళ్లు పెట్టకూడదు. మా పాపకు ఆ వేసవికి ముప్పై నిండుతాయి. అంటే ఆ ఏడాది కాకపోతే ఇంకెప్పుడూ లేదు. వాళ్లమ్మ అప్పటికే తను మామా అని పిలిచే ఇంటి యజమానురాలికి చెప్పేసింది: "సూదేసే డాక్టరు కాదు మామా, పుస్తకం డాక్టరు."

పాప ఎంచుకున్న పని ఫగా మీద. చలికాలంలో ఉరుములతో వాన పడితే ఆ ఎడారి ఇసుక కింద ఉబ్బే పుట్టగొడుగు లాంటిది ఫగా. చూడ్డానికి మన్ను పట్టిన ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప. అరబ్బులకు ప్రాణం. సంతలో దాని ధర విని నేను చాలాసార్లు ఉర్లగడ్డలే కొనుక్కున్నాను. కువైట్ ఎడారి ఫగా అని అమ్ముతున్నవన్నీ నిజంగా అక్కడివేనా, డీఎన్‌ఏ చూసి చెప్పొచ్చా అన్నది పాప ప్రశ్న. దక్తూరాతో కలిసి, ఆమే నడిపే ఎడారి జీపులో మూడు వారాలు తిరిగి, పన్నెండు చోట్ల నుంచి ఫగాలు పోగేసి, పన్నెండు కవర్లలో కట్టి, ఒక్కో కవరుకు నంబరు చీటీ తగిలించి ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టింది. వాటిని కోసి డీఎన్‌ఏ తీయాలంటే కావలసిన కిట్టు విమానాశ్రయంలో కాగితాల దగ్గర ఇరుక్కుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు తెలిసి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆ రోజు పొద్దున ల్యాబు ఫ్రిజ్ మరమ్మతుకు మనుషులు వచ్చారు. పాప పన్నెండు కవర్లూ థర్మకోల్ పెట్టెలో ఐసు మధ్య సర్దింది. తిండి పెట్టే ఫ్రిజ్‌లో శాంపిళ్లు పెట్టకూడదని రూలు. చదువుకున్న పిల్ల గదా, రూలు పాటించింది. పాంట్రీలో ఆ తిండి ఫ్రిజ్ పక్కనే ఉన్న టేబుల్ మీద పెట్టి, పక్క బిల్డింగు ఫ్రిజ్‌లో చోటు అడగడానికి పోయింది. అక్కడ ఒక్క కాగితం మీద మూడు సంతకాలు. సంతకం పెట్టాల్సిన ముగ్గురిలో ఒకాయన టీకి పోయాడు, ఒకాయన నమాజుకు పోయాడు, మూడో ఆయన ఎక్కడికి పోయాడో ఆయనకే తెలియదు.

పదింటికి నేను, దక్తూరా డ్రైవరు పాంట్రీలోకి వచ్చాం. డ్రైవరుది జగిత్యాల. నాకంటే రెండేళ్లు చిన్న, ఆకలి మాత్రం నాకంటే పెద్దది. పెట్టె మూత ఎత్తి చూశాడు.

"అన్నా, ఫగా ఉన్నదే! ఎవరియి గివి?"

"టేబుల్ మీదుండేది ఎవురిది?"

"మనదే."

"మల్ల అడగతావేంది?"

"నంబర్లు రాసిండ్రు గదనే."

"అవి అంగడి నంబర్లు. దక్తూరా పన్నెండంగళ్లు తిరిగి బేరం జేసి కొనింటాది."

"గామెనా? కారు ఆపేతందుకు జాగ దొరక్కపోతెనే సామాను కొనకుంట ఇంటికొచ్చె మనిషి, పన్నెండు దుకాండ్లు తిరుగుతదా?"

వాడి మాటలో న్యాయం ఉంది. నాకూ ఒక్క క్షణం అనుమానం తగిలింది. కానీ పోయిన ఏడాది దక్తూరా మాకు ఇలాగే చారెడు ఫగా పంపించింది గదా అని దాన్ని తోసేశాను. ఆకలి లాయరు లాంటిది, ఎటైనా వాదిస్తుంది.

తొక్క తీసే పని నాది. ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, నేను కత్తి పట్టి తొక్క తీస్తే సగం కాయ తొక్కతోనే పోతుంది. "ఈ మనిషికి ఉర్లగడ్డిస్తే గోలీ తిరిగిస్తాడు" అని మా ఆవిడ పెళ్లయిన వారానికే నన్ను వంటింట్లోంచి తరిమింది. రెండు, ఫగా నిండా ఇసుక. అంతకుముందు ఒకసారి ఖర్జూరాలు కడిగి సింకు మూసుకుపోతే ప్లంబరు నన్ను తిట్టిన తిట్లు నాకింకా గుర్తు. అందుకని ఏ కవరులోవి ఆ కవరు మీదే పట్టుకుని తొక్క తీసి, ఇసుకతో సహా అందులోనే రాల్చి, ముడివేసి చెత్త సంచిలో పడేస్తూ వచ్చాను. ఒక్క రేణువు ఇసుక సింకులో పడలేదు. మూడో నంబరు కవరు చిరిగిపోతే దాని తొక్కలు ఎనిమిదో దాంట్లో కుక్కాను. పదకొండోది తీస్తుంటే వేళ్లు ఎర్రబడ్డాయి. మిగిలినవన్నీ బూడిద రంగు ఇసుక. ఇదేందిరా, మా ఊరి చేనులోంచి పెరికినట్లుందే అని నవ్వుకుని, ఆ కవరూ ముడేశాను.

వంట గేటు పక్కన డ్రైవరు గదిలో. ఎర్రగడ్డలు, మా ఊరి కారం, కాసింత కొబ్బరి. ఆ ఘుమఘుమకు సెక్యూరిటీ అతను కూడా వచ్చి కూర్చున్నాడు. పాప వంతు ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టాం. మర్యాద తెలియనివాళ్లం కాదు.

ఒంటిగంటకు పాప వచ్చింది, చేతిలో మూడు సంతకాల కాగితంతో.

"యాడ చూసినా లేరు, ఈడుండారా? ఆకలి చంపతాండాది పెద్దనాయనా. ఏం కూర?"

"ముందు తిను పాపా. ఏడాదికొక తూరి దొరికేది."

కింద కూర్చుని అన్నంలో కలుపుకుంది. రెండు ముద్దలు తింది.

"బాగుండాదే! ఉర్లగడ్డా?"

"ఉర్లగడ్డకింత సీనుందా? ఫగా. దక్తూరా ఇచ్చింది."

చెయ్యి ఆగింది. "ఎప్పుడిచ్చింది?"

"పొద్దన. పాంట్రీ టేబుల్ మీద, తెల్ల పెట్టెలో..."

మూడో ముద్ద కంచంలోకి జారిపోయింది.

"ఎన్ని మిగిలినాయి?"

డ్రైవరు రొట్టెతో గిన్నె తుడుస్తున్నాడు. "అడుగున గింతంత ఉన్నది బిడ్డా. వెయ్యాల్నా?"

పాప అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ముగ్గురి మొహాలూ వరసగా చూసి, మెల్లగా చెప్పింది: ఆ పన్నెండు కవర్లే తను చూపించాల్సిన పని. వానలు అయిపోయాయి. మళ్లీ ఫగా లేచేది వచ్చే చలికాలమే. అప్పటికి తనకు ముప్పై దాటిపోతుంది.

"నా పీహెచ్‌డీ మొత్తం మీ కడుపుల్లో ఉండాది పెద్దనాయనా. రెండు ముద్దలు నా కడుపులో గూడా ఉండాయి."

సెక్యూరిటీ అతను కంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు, జాతీయ గీతానికి నిలబడినట్టు.

అంతలో పాప తలెత్తింది. "తొక్కలు తీసినారా? కడిగి అట్నే వండినారా?"

"తీసినా."

"యాడేసినావు?"

"చెత్తలో. ఏ కవరుది ఆ కవరులోనే."

"నంబరు చీటీలు?"

"కవర్లకే ఉండాయి. నాకేం పని వాటితో?"

పాప పరుగు అందుకుంది. వెనక నేను, నా వెనక డ్రైవరు. బిల్డింగు వెనక పెద్ద చెత్త డబ్బా. రెండింటికి రావాల్సిన లారీ ఆ రోజే తొందరపడి వచ్చి వెనక్కి తిరుగుతోంది. డ్రైవరు అటు దూకి దక్తూరా కారు తెచ్చి లారీకి అడ్డంగా పెట్టాడు. లారీ అతను హారన్ మీద చెయ్యి తీయకుండా అరబ్బీలో మా మూడు తరాల పెద్దలనూ పేరుపేరునా పలకరించాడు. నేను డబ్బాలోకి దిగాను. యాభై ఏడేళ్ల వయసులో అంత ఎత్తు ఎలా ఎక్కానో ఇప్పటికీ నాకు తెలియదు. పైన నిలబడి పాప లెక్కపెట్టింది. పదకొండు కవర్లు.

ఒకటి విప్పి తొక్క చేతిలోకి తీసుకుని చూసింది. తొక్క లోపల వేలు మందాన తెల్లటి కండ.

"ఇంత మందంగా ఎవురైనా తీస్తారా పెద్దనాయనా?"

"మీ పెద్దమ్మ గూడా ఇదే అడిగి నన్ను తరిమింది."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. జిరాక్సు మిషనుకు ఒక్క పోగు చాలు గదా, ఇక్కడ కండే ఉంది.

తెలివైనవాణ్ణి గదా, ఊరుకోలేక ఒక సలహా ఇచ్చాను. "మూడూ ఎనిమిదీ కలిసిపోయినాయి పాపా. సగం సగం పంచి ఒకదానికి మూడు, ఒకదానికి ఎనిమిది రాసెయ్. పన్నెండూ సరిపోతాయి. యెవడు చూసినాడు?"

"నువ్వు టీలో పాలు పోసినాక, మళ్లా పాలు వేరే చేసి ఇయ్యగలవా?"

"లేదు."

"నేనూ అంతే. పది. పదే చూపిస్తా."

ఆ సాయంత్రమే దక్తూరాకు అంతా చెప్పేసింది. దక్తూరా నన్ను పిలిచి ఒక్క మాటా తిట్టలేదు, ఒక కాగితం ఇచ్చింది. అరబ్బీలో, కింద ఇంగ్లీషులో ఉంది. పాపతోనే చదివించుకున్నాను. "పరిశోధన సామగ్రిని భక్షించి నష్టపరిచినందుకు హెచ్చరిక" అట. పంతొమ్మిదేళ్లలో నా పని గురించి ఎవరైనా రాతపూర్వకంగా రాసింది ఆ ఒక్క కాగితమే. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు కంటే భద్రంగా దాచుకున్నాను.

నాలుగు వారాలకు పరీక్ష రోజు వచ్చింది. ఐదుగురు పెద్దలు. దక్తూరా ఒకరు. బయటి దేశం నుంచి వచ్చిన ముసలాయన ఒకరు. కళ్లద్దాల మీదుగా చూస్తే ఎదుటివాళ్లు తమ పుట్టిన తేదీ మీద కూడా అనుమానపడతారు. పాపకు ముందు పోయిన అబ్బాయి టై కట్టుకుని, తెర నిండా రంగు బొమ్మలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. పాప లోపలికి పోయేటప్పుడు నేను టీ ట్రే పట్టుకుని వెనకే దూరాను. ట్రే ఉన్నవాణ్ణి ఎవరూ ఎక్కడికని అడగరు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న గొప్ప విద్య అదే.

పాప మొదటే చెప్పేసింది: శాంపిళ్లు పన్నెండు, రెండు పనికిరాకుండా పోయాయి, మిగిలిన పది తొక్కల నుంచి తీసినవి, కారణం వాటిని కూర వండుకోవడం, తిన్నవాళ్లలో తనూ ఉంది. నా పేరు ఎత్తలేదు. నలుగురు నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

తర్వాత ఫలితం చూపించింది. పదింటిలో తొమ్మిది ఒకటే జాతి. పదకొండో నంబరు మాత్రం వేరేది. ముసలాయన పెన్ను కింద పెట్టాడు. ఇంగ్లీషులో చెప్పింది నాకు పూర్తిగా రాకపోయినా భావం తెలిసింది, మొహంలోనే ఉంది: నీ సరుకు వంటింటి గుండా, చెత్తడబ్బా గుండా వచ్చింది, ఆ పదకొండోది కలుషితమో, కలగాపులగమో, అది అట్లా అయితే మిగిలిన తొమ్మిదింటిని మాత్రం ఎందుకు నమ్మాలి?

పాప నోట్సు తిరగేసి పదకొండో నంబరు పేజీ తీసింది. అందులో ముసలాయనకు చూపించడానికి ఏమీ లేదు.

ఫర్రాష్ అలాంటి గదిలో మాట్లాడకూడదు. టీ పోస్తూ మాట్లాడాను.

"దక్తూరా, పదకొండో కవరులో ఇసుక ఎర్రది." నాకొచ్చిన అరబ్బీ, హిందీ, చేతులు అన్నీ కలిపి చెప్పాను. "నేనే తొక్క తీసింది. తక్కినవన్నీ బూడిద. అదొక్కటి ఎరుపు. నా వేళ్లు ఎర్రబడినాయి. కలపలేదు. కలిపింది మూడూ ఎనిమిదే, ఆ సంగతి పాప చెప్పేసింది."

దక్తూరా నన్ను చూసిన చూపుకు ఇంకో హెచ్చరిక కాగితం ఖాయమనుకున్నాను. కానీ ఆమె లేచి, "యల్లా, కవర్లు తీసుకురా" అంది. పాప ఫ్రిజ్ నుంచి మిగిలిన తొక్కల కవర్లు తెచ్చింది. తెల్ల కాగితాలు పరిచి, ఒక్కో దాని మీద ఒక్కో కవరు దులిపాం. తొమ్మిది కాగితాల మీద బూడిద. పదకొండో నంబరు కవరు దులిపిన దాని మీద కుంకుమ చల్లినట్టు.

ముసలాయన కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, ఆ ఇసుకను వేలితో ముట్టుకున్నాడు.

పదకొండోది ఎక్కడిదని దక్తూరా అడిగింది. ఆ ఒక్కటీ తను సొంతంగా తవ్వింది కాదని, ఎడారి క్యాంపు కాపలాదారు ఇచ్చాడని పాప చెప్పింది. దక్తూరా అక్కడికక్కడే అతనికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. మొదట డేరా వెనకే తవ్వానని ఒట్టు వేశాడు. రెండోసారీ వేశాడు. మూడోసారి అడిగేసరికి, దక్తూరా వచ్చినప్పుడు వట్టి చేతులతో పంపడం మర్యాద కాదని సరిహద్దు అవతల నుంచి బావమరిది తెచ్చిన వాటిలోవి ఇచ్చానన్నాడు.

అంటే వేరే దేశం సరుకును పాప డీఎన్‌ఏ పట్టేసింది. ఆమె అడిగిన ప్రశ్నే అది. ముసలాయన అప్పుడు నవ్వాడు, చాలా పొదుపుగా.

"ఇసుక సంగతి నీ నోట్సులో ఎందుకు రాయలేదు?" అన్నాడు.

"అది నా తప్పే. మామూలుగా అయితే ల్యాబులో మొదట చేసే పని ఇసుక కడిగేయడమే. అప్పుడు ఆ సాక్ష్యం ఉండేదే కాదు" అంది పాప.

అది దక్తూరా నాకు హిందీలో చెప్పింది. వినగానే, సింకు మూసుకుపోకూడదనుకున్న నా జాగ్రత్త వల్లే సైన్సు బతికిందని అందరికీ విన్నవించబోయాను. పాప నా కాలు తొక్కింది.

ముసలాయన ఖాళీ కప్పు నాకిస్తూ దక్తూరాతో ఏదో అడిగాడు. ఆమె నాకు మార్చి చెప్పింది: "రుచి ఎలా ఉంది అంటున్నారు."

"ఉప్పు తక్కువ" అన్నాను.

వారానికి సీటు పాపకే అని కాగితం వచ్చింది. టై అబ్బాయికి వయసుంది, తర్వాతి ఏడాది వచ్చాడు. వాళ్లమ్మ ఆ శుక్రవారం సేమ్యా పాయసం చేసి పంపింది. డ్రైవరు ఆ గిన్నెను పాంట్రీ టేబుల్ మీద పెట్టి, దాని పక్కనే నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణి అడిగి పెట్టాడు. అప్పటికే ఆ టేబుల్ మీద నాలుగు భాషల్లో బోర్డు వెలిసింది. తెలుగు వరస పాప రాసింది: "ఎవరిదో అడిగి తినండి." పంతొమ్మిదేళ్ల మా చట్టం అలా రద్దయింది, ఖలాస్.

పిల్లలూ, పరిశోధనకు పోతే మీరూ తప్పులు చేస్తారు. కలిసిపోయిన రెండు కవర్లను పంచి రాసెయ్యమని నాలాంటి తెలివైనవాడు ఒకడు పక్కనే ఉంటాడు. వాడు మంచివాడే, మీ మేలే కోరతాడు. వాడికి అన్నం పెట్టండి, మాట వినకండి. ఆ రోజు పాప పన్నెండు అని చెప్పి ఉంటే, పదకొండో దాని గురించి నేను చెప్పిన మాట ఆ గదిలో ఎవడు నమ్మేవాడు?

నేను పని మానేసి ఊరికి వచ్చి రెండేళ్లు. పోయిన చలికాలం సెలవుకు వచ్చిన డ్రైవరు నాకు ఒక కవరు తెచ్చిచ్చాడు. లోపల నాలుగు ఫగాలు. కవరుకు మామూలుగానే దారంతో కట్టిన చీటీ. దాని మీద నంబరు లేదు, పాప చేతిరాత ఉంది:

"పెద్దనాయనా, ఇవి తినేదానికే. తొక్కలు మాత్రం పారేయొద్దు."